గుట్ట మీది మనిషి కోసం కొన్న దుర్భిణి

నేను దుర్భిణి కొనాలనుకున్నది ఒక మనిషిని చూడడానికి. ఆ మనిషి ఆడో మగో కూడా నాకు అప్పటికి తెలియదు.

డెబ్బైల చివర్లో యాడికి అనే ఊరికి అవతల ఒక చిన్న పల్లెలో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. బడికంతా ఒకే టీచరు. మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, ఆ ఊళ్ళో నన్ను మొదట భయపెట్టింది నిశ్శబ్దం. అప్పటికి వరసగా మూడేళ్ళు వానలు లేవు. సగం ఇళ్ళు ఖాళీ. పోయినవాళ్ళు తాళాలు కూడా వేయలేదు, వాకిలికి అడ్డంగా ముళ్ళకంప పెట్టి పోయారు. కొందరు బెంగళూరుకు మట్టిపనికి, కొందరు మిగిలిన పశువులను తోలుకుని కాలువ నీళ్ళుండే చోట్లకు. ఉన్నవాళ్ళు పగలంతా నీడ పట్టుకుని కూర్చునేవాళ్ళు. మాట్లాడుకోవడం కూడా తగ్గించినట్టుండేది.

నేను ఒక అవ్వ ఇంట్లో దిగాను. రెండు గదుల మట్టిమిద్దె. ఒకటి నాకిచ్చి, ఒకటి తాను ఉంచుకుంది. రెండేళ్ళ కింద ఆమె భర్త ఎద్దులను తోలుకుని మేతకు పోయి తిరిగి రాలేదని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. ఆమె మాత్రం ఆ సంగతి నాతో ఎత్తలేదు.

బడి వాకిట్లో నిలబడితే ఎదురుగా మైలు దూరంలో ఒక బోడిగుట్ట. చెట్టు లేదు, గుడి లేదు. దాని నెత్తిన ఒక మనిషి నిలబడి ఉండేది. ఉత్త కంటికి గోరంత గీత. మొదటి రోజు గొర్రెల కాపరి అనుకున్నాను. రెండో రోజూ అక్కడే ఉంది. వారం రోజులూ ఉంది. మిట్టమధ్యాహ్నం బండలు కాలి గుట్ట అడుగంతా నీళ్ళలా కదిలేటప్పుడు, ఆ గీత ఒక్కటే కదలకుండా ఉండేది. ఒక్కోరోజు సన్నగా, ఒక్కోరోజు కాస్త వెడల్పుగా కనపడేది.

"అవ్వా, ఆ గుట్ట మీద ఎవరు నిలబడుకోనుండేది?" అని అడిగాను.

ఆమె రాగులు చెరుగుతోంది. తల ఎత్తలేదు. "యాడ?" అంది.

"ఆడనే. ఎదురుగా."

"ఆ పక్క చూడద్దు టీచరమ్మా. కండ్లు పోతాయి ఎండకు."

బళ్ళో పదకొండు మంది పిల్లలుండేవాళ్ళు. ఒకరోజు పలకల మీద మీ ఊరు బొమ్మ గీయండి అన్నాను. మిద్దెలు గీశారు, బావి గీశారు, వెనక గుట్ట గీశారు. పలకలన్నీ తిరిగి చూస్తూ వచ్చి మూడోదాని దగ్గర ఆగిపోయాను. మళ్ళీ వెనక్కి వెళ్ళి మొదటి రెండూ, తర్వాత మిగతావీ చూశాను. పదకొండు పలకల్లోనూ గుట్ట మీద ఒక నిలువు గీత ఉంది.

"ఇదెవరు?" అని ముందు వరసలోని పిల్లనడిగాను.

"మా నాయన."

పక్కనున్న పిల్ల కూడా అంతే మామూలుగా, "మా పెద్దమ్మ," అంది. ఆ వెనక పిల్ల, "ఈపొద్దు మా మామ," అంది. అబద్ధమాడుతున్న ముఖాలు కావవి. ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పారు. నేను పలకలు తుడవమన్నాను.

ఆ ఆదివారం తేల్చుకుందామని గుట్ట దారి పట్టాను. చదువుకున్నదాన్ని, పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని, దీనికి భయపడితే ఎట్లా అని నన్ను నేను తిట్టుకుంటూ నడిచాను. బీళ్ళు పగుళ్ళిచ్చి ఉన్నాయి. గాలి లేదు. సగం దారిలో ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. ఊళ్ళో మిగిలిన జనమంతా మిద్దెలెక్కి నిలబడి ఉన్నారు. ఎవరూ పిలవలేదు, చెయ్యి ఊపలేదు. అందరూ నావైపే చూస్తున్నారు. ముందు గుట్ట మీద ఒక మనిషి, వెనక మిద్దెల మీద పాతికమంది, అందరూ ఒకేలా నిలబడి ఉన్నారు. తిరిగి వచ్చేశాను. నేను ఊరు చేరేసరికి మిద్దెల మీద ఒక్కరూ లేరు.

కొన్నాళ్ళకు బోరు వేయడానికి చోటు చూసేందుకు ఒక ఇంజనీరు వచ్చి బడి అరుగు మీద మధ్యాహ్నం కాసేపు కూర్చున్నాడు. ఆయన మెడలో పెద్ద దుర్భిణి ఉంది. ఒకసారి ఇస్తారా అని అడిగాను. రాయిలా బరువుగా ఉంది. రెండు చేతులా పట్టుకున్నా గుట్ట ఎగిరెగిరి పడుతోంది. ఒక్క క్షణం ఆ మనిషి అందులోకి వచ్చాడు. తెల్లటి బట్ట, చాచిన చేతులు. తల ఎక్కడుందో చూసేలోపల జారిపోయాడు. ఇంజనీరు గుట్ట వైపు చూసి, "ఏదో కొయ్య అయ్యుంటుందమ్మా," అని దుర్భిణి తీసుకుని జీపెక్కాడు. కొయ్య అయితే ఒక్కోరోజు సన్నగా, ఒక్కోరోజు వెడల్పుగా ఎందుకు కనపడుతుందో ఆయనను అడగలేకపోయాను.

అప్పుడే నిశ్చయించుకున్నాను. నాకు సొంతంగా ఒకటి కావాలి. చేతి సంచిలో, కొంగు చాటున పట్టేంత చిన్నది, చూస్తున్నట్టు ఎవరికీ తెలియనిది. అయినా మంచిది, అబద్ధం చూపించనిది.

సెలవులకు ధర్మవరం వెళ్ళినప్పుడు నాయనకు చెప్పాను. ఆయన చీరలు తీసుకునే షావుకారు బెంగళూరులో ఒక అంగడి చెప్పాడు. పాత కెమెరాలు, దుర్భిణులు బాగుచేసి అమ్మే చోటు. ఇద్దరం వెళ్ళాం. ఊళ్ళోంచి బయల్దేరేముందే అవ్వకు సోమవారానికల్లా వచ్చేస్తానని చెప్పి వచ్చాను.

సన్నటి అంగడి. వెనకాల ఒక ముసలాయన కంటికి భూతద్దం తగిలించుకుని ఏదో విప్పుతున్నాడు. "ఏం చూడాలమ్మా?" అన్నాడు తల ఎత్తకుండానే. "గుర్రప్పందేలా, పిట్టలా, నాటకాలా?"

"మైలు దూరంలో నిలబడిన మనిషిని," అన్నాను.

ఆయన భూతద్దం తీసేశాడు. "ఆ మనిషికి తెలిసా, తెలియకుండానా?"

"ఏమో. తెలీదు."

ఆయన మఖమలు గుడ్డ పరిచి నాలుగు దుర్భిణులు పెట్టాడు. అన్నీ జేబులో పట్టేవే. "మైలు దూరంలో ముఖం తెలుస్తాదని ఎవరైనా చెప్తే నమ్మద్దు. ఆడమనిషా మగమనిషా తెలుస్తాది. కట్టిన బట్ట తెలుస్తాది. అంతే," అన్నాడు.

నేను ముందు తళతళలాడే దాన్ని తీసుకున్నాను. పన్నెండు రెట్లు పెద్దగా చూపిస్తుందట. గడపలో నిలబడి వీధి చివర నీళ్ళట్యాంకు వైపు పెట్టాను. ట్యాంకు దగ్గరికొచ్చింది గానీ నిలవలేదు, ఇంజనీరు దుర్భిణిలో గుట్టలాగే ఎగిరింది. "చేతి వణుకును కూడా అది పన్నెండింతలు చేస్తాదమ్మా. ఉత్త చేతులతో చూసేదానికి ఎనిమిది చాలు," అన్నాడు ముసలాయన.

రెండోది ఎనిమిది రెట్లది, తేలిక. నాకు బాగుందనిపించింది. నాయన ఇవ్వమని చెయ్యి చాపాడు. జీవితమంతా పోగులు చూసిన కళ్ళు ఆయనవి. ట్యాంకును చాలాసేపు చూసి, "పాపా, అంచున రంగు కారతాండాది," అన్నాడు. మళ్ళీ చూశాను. నిజమే. ట్యాంకు ఒకవైపు అంచున ఊదారంగు పోగు, రెండోవైపు పసుపు పోగు. లేని రంగులు. ముసలాయన మొదటిసారి నవ్వి, "మీరు ఏం పని చేస్తారయ్యా?" అని నాయనను అడిగాడు.

మూడోది స్పష్టంగానే ఉంది. కాసేపు చూసేసరికి కణతలు లాగాయి. ఒక కన్ను మూసి ఇంకో కంటితో, మళ్ళీ మార్చి చూడమన్నాడు ముసలాయన. కన్ను మార్చినప్పుడల్లా ట్యాంకు కిందికీ పైకీ గెంతుతోంది. "ఎప్పుడో కింద పడింది. రెండు గొట్టాలూ రెండు దారులు పట్టినాయి. కన్ను పాపం వాటిని కలపాలని చూసి అలిసిపోతాది. తెలుస్తాదో లేదో అని పెట్టినా," అన్నాడు.

నాలుగోది నల్లగా, తోలు అరిగి ఉంది. మధ్యకు మడిస్తే వక్కాకు సంచిలో పట్టేంత. పందేలకు పోయే ఒక పెద్దాయనది, ఆయన పోయాక ఇంటివాళ్ళు అమ్మేశారట. దాన్ని చెయ్యి చాచి వెలుగుకు పట్టి, కళ్ళు పెట్టుకునే వైపు అద్దాల్లో వెలుగు చుక్కలు గుండ్రంగా ఉన్నాయో లేదో చూడమన్నాడు. నలుచదరంగా ఉంటే లోపలి గాజు నాసిరకమట, కొనకూడదు. గుండ్రంగా ఉన్నాయి. అద్దాలను వాల్చి చూస్తే, మంచి పూత ఉన్న గుర్తుగా, నేరేడు పండు నిగారింపు. లోపల బూజు లేదు. ఎడమ కంటికి మధ్య చక్రం, కుడి కంటికి పక్కనున్న ఉంగరం తిప్పి నా చూపుకు సరిచేశాడు.

పెట్టుకుని చూశాను. రెండు వలయాలు కలిసి ఒకటయ్యాయి. ట్యాంకు నిలబడింది. దాని మీద కాకి నోరు తెరిచి అరిచింది. అరుపు మాత్రం రాలేదు. కాస్త పక్కకు తిప్పాను. ఒక మిద్దె మీద ఎవరో ఆడమనిషి తల దువ్వుకుంటోంది. దువ్వెన జుట్టులోనే ఆపి, ఎవరో పిలిచినట్టు తిరిగి, నేరుగా నావైపు చూసింది. నేను చప్పున దించేశాను.

"ఆమె నన్ను చూసింది," అన్నాను.

"ఇంత దూరంలో నువ్వు ఆమెకు కనపడవు," అన్నాడు ముసలాయన గుడ్డ మడుస్తూ. "మొదట్లో అందరికీ అట్లే అనిపిస్తాది. కొందరికి చివరిదాకా అట్లే."

నాయన దాన్నే కొనమన్నాడు. ఆ సాయంత్రమే ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. తెలిసినవాళ్ళింట్లో మూడు రోజులు మంచం దిగలేదు. నయమయ్యాక ఆయనను ధర్మవరంలో దింపి ఊరికి బయల్దేరాను. సోమవారం వస్తానన్నదాన్ని శుక్రవారం వచ్చాను. ఆ ఊరికి ఫోను లేదు, కబురు చేసే దారి లేదు.

బస్సు దిగినప్పుడు మిట్టమధ్యాహ్నం. రోడ్డు పక్క టీ అంగడి ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఏమన్నా, బాగుండావా?" అన్నాను. నా కాళ్ళ వైపు, తర్వాత గుట్ట వైపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

రోడ్డు మలుపులో ఎవరూ లేరు. సంచిలోంచి దుర్భిణి తీశాను. చక్రం తిప్పుతుంటే గుట్ట తేటపడింది. రాళ్ళ కుప్ప, అందులో నిలబెట్టిన కొయ్య, అడ్డంగా కట్టిన కర్ర. తల లేదు. ఇంజనీరు చెప్పినట్టు కొయ్యే. నాకు నవ్వొచ్చినంత పనైంది. అప్పుడు బట్టను చూశాను. చిలకపచ్చ చీర, ఎర్రటి అంచు, అంచులో ఎండకు తళుక్కుమనే జరీ. ఆ అంచు నాకోసమని నాయన తన చేత్తో నేసింది. ఉద్యోగానికి వచ్చేటప్పుడు ఇచ్చాడు. నా గదిలో, నా పెట్టెలో ఉండాల్సింది.

కుచ్చిళ్ళు పోసి, పైట వేసి, నేను కట్టుకునేలాగే కట్టారు. గాలి లేని మధ్యాహ్నంలో పైట కొంగు నెమ్మదిగా లేచి పడింది.

ఇంటి దారి పట్టాను. దారిలో ఎదురైన ఇద్దరు ఆడవాళ్ళు పక్కకు తప్పుకుని నిలబడ్డారు. అవ్వ వాకిట్లో ఉంది. నన్ను చూసి చేట కింద పెట్టింది. దగ్గరికొచ్చి నా ముంజేయి పట్టుకుని గట్టిగా నొక్కింది. చెంప మీద చెయ్యి పెట్టి వేడి చూసింది.

"యాడికి పోయినావు?" అంది.

"నాయనకు జొరమొచ్చింది అవ్వా."

"సోమారం అంటివి."

"నా చీర..."

"ఇంట్లోకి పోవద్దు. గడప తొక్కద్దు. ముందు గుట్టకు పోవల్ల. రా," అని నా సంచి వాకిట్లోనే పెట్టించి ముందు నడిచింది.

ఈసారి మిద్దెల మీద ఎవరూ లేరు. దారిలో ఆమె చెప్పింది. ఎవరు మొదలుపెట్టారో తనకు తెలియదట. కరువులో ఊరు దాటినవాళ్ళు చెప్పిన దినానికి రాకపోతే, వాళ్ళ గుడ్డ ఒకటి గుట్ట మీద కడతారు. ఒక్కో ఇంటికి ఒక్కో దినం. పొద్దున్నే వచ్చి నిన్నటిది తీసి రాళ్ళ కింద పెట్టి, తమది కట్టి పోతారు. దారి తప్పినవాళ్ళకు దూరం నుంచి తమ గుడ్డ తమకు కనపడాలని. తిరిగి వచ్చిన మనిషి ఇల్లు చేరకముందే తన చేత్తో తాను దించుకోవాలి. దించకుండా ఇంట్లోకొస్తే గుట్ట మీద ఒకరు, ఇంట్లో ఒకరు ఉండిపోతారట.

"నాకెందుకు కట్టినావవ్వా? నేను ఈ ఊరి మనిషిని కాదు గదా."

"మా ఇంట్లోనుంచి పోయినావు గదా. ఈపొద్దు నా దినమే. నీకిచ్చినా."

గుట్టపైన కొయ్య చుట్టూ పరిచిన రాళ్ళ కింద మడతలు మడతలుగా బట్టలు. చొక్కాలు, పంచెలు, రవికలు, చిన్నపిల్ల గౌను ఒకటి. కొన్ని ఎండకు పొడిపొడిగా అయిపోయాయి. నా చీర నేనే విప్పుకున్నాను. ఎండకు కాలి, ఒంటి మీదినుంచి అప్పుడే తీసినంత వెచ్చగా ఉంది. దాన్ని ఆ తర్వాత నేనెప్పుడూ కట్టుకోలేదు.

అవ్వ రాళ్ళ కిందినుంచి ఒక గళ్ళ చొక్కా తీసి దులిపి, అడ్డకర్రకు తొడిగి గుండీలు పెట్టింది. కింది గుండీ ఊడి ఉంటే అక్కడ ముల్లు గుచ్చింది. నేను అడగకుండానే, "మా ఇంటాయనది," అంది.

ఆ తర్వాత నాకు భయం పోయిందని చెప్పలేను, తీరు మారింది. దుర్భిణి దాచడం మానేశాను. మధ్యాహ్నాలు బడి అరుగు మీద కూర్చుని ఎవరి దినమో చూసేదాన్ని. ఆ ఏడు ఇద్దరు తిరిగొచ్చారు. ఇద్దరూ గుట్టెక్కి తమ గుడ్డ దించుకుని, దాన్ని భుజాన వేసుకుని ఊళ్ళోకి దిగారు. ఊళ్ళో ఆడవాళ్ళు అప్పుడప్పుడు వచ్చి దుర్భిణి అడిగి చూసేవాళ్ళు. అవ్వ ఎప్పుడూ అడగలేదు.

మరుసటి ఎండాకాలం ఒకరోజు ఆమె దినం వచ్చింది. పొద్దున చొక్కా కట్టి వచ్చింది. మధ్యాహ్నం నేను అన్నానికి వచ్చేసరికి వాకిట్లో నిలబడి, చెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని గుట్ట వైపు చూస్తోంది.

"టీచరమ్మా, నాకు గుట్ట మీద ఏమీ కనపడల్యా. నా కండ్లేనా? నీదాంట్లో చూడు."

చూశాను. కొయ్య ఒట్టిదిగా ఉంది. చొక్కా కింద పడిందేమోనని చూపు రాళ్ళ మీదికి దించాను. లేదు. దుర్భిణిని కుడివైపుకు కాస్త జరిపాను. గుట్ట అవతలి వాలులోకి ఒక వీపు దిగిపోతోంది. బట్ట లేని నల్లటి వీపు, నెత్తిన గుడ్డ చుట్టు. చక్రం తిప్పేలోపల భుజాలు, ఆ తర్వాత నెత్తిగుడ్డ బండ వెనక్కి పోయాయి. చాలాసేపు అక్కడే పెట్టి చూశాను. ఎవరూ మళ్ళీ పైకి రాలేదు.

"చొక్కా లేదవ్వా," అన్నాను.

"ఇంకేమన్నా?"

"ఏమీ లేదు."

ఎందుకట్లా అన్నానో చెప్పలేను. ఆమె పరుగెత్తుతుందని, గుట్ట అవతల ఏ కాపరో ఉంటాడని భయపడ్డాను. అతడే అయితే గంటలో ఇంటికి వస్తాడు కదా అనుకున్నాను.

ఆమె వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లింది. పండగకని దాచుకున్న బియ్యం తీసి వండింది. రెండు కంచాలు కడిగి బోర్లించింది. వాకిలి రెండు రెక్కలూ బార్లా తెరిచి గడప పక్కన కూర్చుంది. నేను సాయంత్రం బడి నుంచి వచ్చినా అట్లాగే ఉంది. పొద్దుగూకింది. ఎవరూ రాలేదు. కంచాలు బోర్లించినట్టే ఉన్నాయి.

పొద్దున ఆ అన్నంలో మజ్జిగ పోసి ఇద్దరం తిన్నాం. తర్వాత గుట్టకు వెళ్ళాం. చొక్కా రాళ్ళ కింద, మిగతా బట్టల మీద ఉంది. మడత పెట్టి ఉంది. చేతులు లోపలికి మడిచి, కాలరు పైకి ఉంచి, నాలుగు మడతలు. కింద గుచ్చిన ముల్లు తీసి చొక్కా మీద పెట్టారు.

అవ్వ దాని ముందు కూర్చుంది. "నేను ఇట్ల మడవను," అంది. నావైపు తిరిగి, "నిన్న నువ్వు చూసినావు గదా," అంది. అది అడగడంలా లేదు.

"చూసినా అవ్వా. వీపు ఒకటే కనపడింది. నెత్తిన గుడ్డ చుట్టుకోనుండాడు. అవతలికి దిగిపోయినాడు."

తిడుతుందనుకున్నాను. ఆమె చొక్కా మీది ముల్లు తీసి పక్కన పెట్టింది.

"కుంటతాండెనా?"

"లేదు."

"పోయేటప్పుడు ఎద్దు తొక్కి మోకాలు వాచిండె. కుంటుకుంటానే పోయినాడు." మళ్ళీ అడిగింది, "బాగా చూసినావా? కుంటలేదా?"

"కుంటలేదవ్వా."

"అయితే కాలు బాగైనట్టుండాది," అంది.

నేను చూసింది మహా అయితే నాలుగడుగులు. నడుము కింద ఏమీ చూడనేలేదు. అది ఆమెకు చెప్పలేదు. ఈ ఊరివాళ్ళు కాని కాపరులెవరైనా ఆ పక్కకు వచ్చారా అని తర్వాత చాలామందిని విచారించాను. గడ్డిపరక లేని ఆ వైపుకు ఎవరూ మందలు తోలలేదన్నారు.

"తన చేత్తో దించుకున్నాడు గదా, ఇంక నేను కట్టేది లేదు," అని ఆమె చొక్కా చంకన పెట్టుకుని లేచింది. ఇద్దరం దిగుతుంటే ఆ రోజు వంతు ఇంటి ఆడమనిషి ఎదురొచ్చింది. ఆమె చేతిలో ఒక తెల్ల పంచె ఉంది. అవ్వ చంకలోని చొక్కా చూసి ఆగింది. అవ్వ దారిచ్చి నిలబడింది. ఆమె పంచె సర్దుకుని పైకి ఎక్కసాగింది.